నడిమి అంకె

జనవరి 28

పొద్దున జబ్బు పరీక్షకు గొంతులో పుల్ల పెట్టించుకున్నాను. గాలి వాయవ్యం. ఇంతకంటే రాయడానికేమీ లేదు.

జనవరి 29

నిన్న అలా ఒక్క ముక్క రాసి ఊరుకుంటే డైరీ నన్నే వెక్కిరించినట్టుంది. ఇవాళ కాస్త రాస్తాను.

ఈ కంచె లోపలికి వచ్చి వారం దాటింది. శీతాకాలపు పోటీలు పూర్తయ్యేదాకా మేం బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. జబ్బు అంటుతుందని భయం. గది, బస్సు, కొండ మీది మా పరిశీలన గది, మళ్లీ బస్సు, మళ్లీ గది. భోజనం డబ్బాల్లో వచ్చి తలుపు బయట ఉంటుంది. గది కిటికీ తెరవకూడదని గోడకు కాగితం అంటించారు. వాతావరణం చెప్పే మనిషికి కిటికీ తెరిచే హక్కు లేదు. ఈ సంగతి ఎవరికైనా చెప్పి నవ్వుదామంటే ఎవరూ లేరు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

మాస్కు వెనక ఎవరున్నా ఇక్కడ మర్యాదకు అందరూ టీచర్లే. పుల్ల పెట్టే అమ్మాయి "మియావ్ టీచర్, నోరు తెరవండి" అంటుంది. బస్సు డ్రైవరు కూడా టీచర్ అనే అంటాడు. నేనెవరికీ ఏ పాఠమూ చెప్పలేదు. లాన్‌షిన్ అని నా పేరు పెట్టి పిలిచే గొంతు విని ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయి మానేశాను.

జనవరి 30

పొద్దుటి సమావేశం. తెర మీద ముప్ఫై చిన్న గళ్లు, గడికొక మొహం. కొండల మీద ఉన్నవాళ్లం ముందు చెప్పాలి. మా కొండ మీద స్కీ పందేల్లోకెల్లా వేగమైన పందెం జరుగుతుంది, కాబట్టి మా వంతు మొదట. తర్వాత నగరంలోని కేంద్రం తరఫున బోవెన్ చెబుతాడు. రెండూ విని మా పై అధికారి హౌ సర్ ఒక్క మాట తేలుస్తాడు. బయటికి పోయేది ఆ ఒక్క మాటే. పందెం నడిపేవాళ్ల చెవిన రెండు మాటలు పడకూడదని ఆయన నియమం.

"మియావ్ ఇంజనీర్ గారూ" అంటాడు బోవెన్. "ఖాంగ్ ఇంజనీర్ గారూ" అంటాను నేను. మిగతా గళ్లలో ముసిముసి నవ్వులు. మొగుడూ పెళ్లాలు గారూ గారూ అనుకుంటున్నారని వాళ్ల సరదా. పాత కథలో ఏడాదికి ఒక్కసారి ఆకాశంలో కలుసుకునే ఆ నేతగత్తె, ఆ పశువుల కాపరి కంటే మీరే నయం, రోజూ తెర మీద కలుస్తున్నారని ఒకాయన వేళాకోళం. హౌ సర్ మమ్మల్ని ఏరి మరీ ఈ రెండు కుర్చీల్లో కూర్చోబెట్టాడు. ఒకే కప్పు కింద ఉండేవాళ్లు, అంకెల దగ్గర పేచీ రాదు అని పైవాళ్లకు చెప్పాడట.

పోయిన వేసవిలో విడాకుల కాగితం తీసుకుని మెట్లు దిగుతూ మేమిద్దరం అనుకున్నాం, పోటీలు అయ్యేదాకా ఎవరికీ చెప్పవద్దని. తెలిస్తే ఇద్దరిలో ఒకరిని కుర్చీ మారుస్తారు. మూడు శీతాకాలాల పని వృథా అవుతుంది. ఆ రోజు కూడా ఏ గొడవా లేదు. పక్క సందులో నూడుల్స్ తిని, ఎవరి డబ్బులు వాళ్లం ఇచ్చి, చెరో బస్సు ఎక్కాం.

బోవెన్ ఇవాళ ఆ గోధుమరంగు స్వెట్టరు వేసుకున్నాడు. మోచేతి దగ్గర నేను కుట్టిన కుట్టు కనబడుతుందేమోనని చూశాను. కనబడలేదు. తెర చిన్నది.

జనవరి 31

రేపు మా చాంద్రమానపు కొత్త సంవత్సరం. రాత్రి భోజనానికి డబ్బాల్లో జ్యావ్‌జీలు, పండగనాటి కూరిన కుడుములు, వచ్చాయి. చల్లారి ఒకదానికొకటి అంటుకుపోయాయి. పరిశీలన గదిలో నాతో ఉండేది బియన్ అన్న ఒక్కడే. కొండ పైన గాలి కొలిచే స్తంభాలకు పట్టిన మంచును రోజూ ఎక్కి గోకి వచ్చే మనిషి. గోకకపోతే అవి గడ్డకట్టి, ఎంత గాలి వీచినా సున్నా చూపిస్తాయి. ఆయన సీసాలోంచి వెనిగర్ తీసి నా డబ్బాలో కూడా పోశాడు. పోస్తూ, "మీ ఆయనకు ఫోన్ చెయ్యవా చెల్లెమ్మా? నేను లేచి బయటికి పోతాలే, సిగ్గుపడకు" అన్నాడు.

ఆయన్ని బయట చలిలోకి పంపడం ఇష్టం లేక నేనే ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాను. ఎవరికీ కలపకుండా చెవి దగ్గర పెట్టుకున్నాను. అద్దంలోంచి ఆయన చూస్తున్నాడు కదా, ఏదో ఒకటి మాట్లాడాలి. రేపటి అంచనా మొత్తం చదివాను. కనిష్ఠం మైనస్ ఇరవై రెండు, వాయవ్యం నుంచి గాలి, మధ్యాహ్నం తర్వాత మేఘాలు. మధ్యలో ఒకసారి నవ్వాను కూడా. లోపలికి వచ్చాక ఏమన్నాడని అడిగాడు. వెచ్చగా ఉండమన్నాడని చెప్పాను.

ఫిబ్రవరి 2

మేమిద్దరం పదకొండేళ్లలో ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. ఆఫీసులో మమ్మల్ని చూపించి కొత్తగా పెళ్లయినవాళ్లకు నీతులు చెప్పేవాళ్లు. అతనికి నగరం కావాలి, నాకు కొండ దగ్గర ఉండాలి. రెంటికీ సరిగ్గా మధ్యలో ఉన్న ఊళ్లో ఇల్లు కొన్నాం. ఆ ఊరు ఇద్దరికీ నచ్చలేదు. ఇద్దరం రోజూ బస్సుల్లోనే ఉండేవాళ్లం. అతనికి కారం కావాలి, నాకు వద్దు. ఏళ్ల తరబడి ఇద్దరం కొంచెం కారం తిన్నాం. మంచివాడు. ఇది ఎవరూ కాదనరు.

గాలి వాయవ్యం. నేనెందుకు ఇవన్నీ రాస్తున్నానో తెలియదు. నాకు బానే ఉంది.

ఫిబ్రవరి 5

రేపు పందెం. కొండ నడుంలో రెండు శిఖరాల మధ్య గుర్రపు జీనులా వంగిన చోటు ఒకటి ఉంది. జీను అనే అంటాం. అక్కడ ఆటగాళ్లు గంటకు నూట ముప్ఫై కిలోమీటర్ల వేగంతో వచ్చి గాల్లోకి లేస్తారు. వాయవ్యపు గాలి ఆ ఇరుకులో దూరిందంటే ఉరుముతుంది. సెకనుకు పదిహేను మీటర్లు దాటితే పందెం నడపకూడదు. పదిహేను దాకా అయితే, ఆగి ఆగి నడపవచ్చు.

నా లెక్కకు రేపు జీనులో పద్దెనిమిది. మూడు శీతాకాలాలు ఆ గాలి తిన్నాను, నాకు తెలుసు. బోవెన్ పన్నెండు అన్నాడు. కంప్యూటర్ లెక్కలో మా కొండ మొత్తం నున్నగా చదునుగా ఉంటుంది, జీనే ఉండదు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. ఈ పద్దెనిమిది గాలేనా, లేక కోపమా? నేను గట్టిగా అంటే ముప్ఫై మంది ముందు మాజీ మొగుణ్ని తప్పుపట్టినట్టు అవుతుంది. మాజీ అని మా ఇద్దరికే తెలుసు, అది వేరే సంగతి. గొంతు తగ్గించి, పద్దెనిమిది ఉండవచ్చు అన్నాను. "ఉంటుంది" అనలేదు.

బోవెన్ కూడా వెంటనే తగ్గాడు. కొండ మీదివాళ్లకు తెలిసినంత మాకు తెలియదండీ, పదిహేను అందామా అన్నాడు. అలాగేనండీ అన్నాను. హౌ సర్ మొహం వెలిగింది. పదిహేను బయటికి వెళ్లింది.

అతను నా మాటకు విలువిచ్చాడు. అది చిన్న విషయం కాదు. సాయంత్రం దాకా నాకు సంతోషంగానే ఉంది.

ఫిబ్రవరి 6

లేదు. ఇవాళ రాయను.

ఫిబ్రవరి 7

పందేనికి ముందు దారి ఎలా ఉందో చూడడానికి ఒకరిద్దరు ముందుగా దిగుతారు. నిన్న మొదట దిగినతను యిన్ గ్వాంగ్‌లెయ్. ముప్ఫై రెండేళ్లు, ఒకప్పుడు తనూ పందెగాడే. జీను దగ్గర పైకి లేచినప్పుడు గాలి పక్కనుంచి కొట్టింది. తెర మీద చూస్తూనే ఉన్నాను. మనిషి కాగితంలా పక్కకు తిరిగాడు. మోకాలు పోయింది, మెడ ఎముక విరిగింది. హెలికాప్టర్ దిగడానికి కూడా గాలి ఒప్పుకోలేదు. మంచు మీద జారే బల్లపై పడుకోబెట్టి దింపారు. పందెం వాయిదా వేశారు.

ఆ క్షణాన జీనులో పంతొమ్మిది.

విచారణ అని పిలిచి పావుగంటలో ముగించారు. పదిహేను అన్నాం, పంతొమ్మిది వచ్చింది, ఉండదగిన తేడాలోనే ఉంది, ఎవరి తప్పూ కాదని రాశారు. అంచనా నిలబడింది అన్నాడు హౌ సర్. బోవెన్ గడిలోకి చూశాను. తల వంచుకుని ఏదో రాస్తున్నాడు. రాయడానికి అక్కడ ఏముంది?

ఎవరి తప్పూ కాదు. గాలికి ఒకళ్లు చెబితే వస్తుందా, ఒకళ్లు చెబితే ఆగుతుందా.

సాయంత్రం బియన్ అన్న నాకు వేడినీళ్లు పోసి ఇచ్చి ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

ఫిబ్రవరి 8

గాలి వాయవ్యం, ఇరవై ఒకటి. పందెం లేదు. అతను పన్నెండు అనుకున్నాడు, నేను పద్దెనిమిది అనుకున్నాను. మరి పదిహేను అనుకున్నదెవరు?

ఫిబ్రవరి 9

ఇది జరిగినట్టే రాయాలి. తర్వాత నాకు నచ్చినట్టు మార్చుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పందేనికి మిగిలింది రేపు ఒక్కరోజే. రేపు కూడా కుదరకపోతే ఆ పందెం ఈ పోటీల్లో ఉండదు. నాలుగేళ్లు దానికోసమే బతికినవాళ్లు ఊరికే ఇళ్లకు పోతారు. అయినా నిన్నమొన్నటి భయంతో అందరి మనసులూ వద్దనే అంటున్నాయి. వద్దంటే ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు, మనకు మరీను.

నేనేమో జరపవచ్చు అన్నాను. నిన్న సాయంత్రం శిఖరం మీద ఎగిరే మంచు పొగ కాసేపు దక్షిణానికి వాలింది. గాలి వాయవ్యం నుంచి ఉత్తరానికి తిరుగుతోంది. ఉత్తరపు గాలికి పక్క కొండ అడ్డం వస్తుంది. అప్పుడు శిఖరం మీద ఎంత హోరు ఉన్నా జీనులో దీపం పెట్టుకోవచ్చు. రేపు మధ్యాహ్నానికి ముందు ఓ రెండు గంటలు అలా ఉంటుంది. తొమ్మిది దాటదు అన్నాను. "ఉండవచ్చు" అనలేదు.

బోవెన్ పదిహేడు అన్నాడు. రోజంతా అంతే, సందు లేదన్నాడు. నేను జీను సంగతి చెప్పాను. అలాంటిది తన లెక్కల్లో ఎక్కడా రావడం లేదన్నాడు. రాదు, నీ లెక్కల్లో మా కొండే లేదు అన్నాను. నోట్లోంచి "నీ" అని వచ్చేసింది. ముప్ఫై గళ్లూ కదలడం మానేశాయి.

ఆ తర్వాత అతనూ "గారు" వదిలేశాడు.

"ఒక మనిషి మోకాలు పోయి నాలుగు రోజులు కాలేదు. నువ్వు ఆశపడుతున్నావని పందెం నడపమంటావా? మియావ్ లాన్‌షిన్, నువ్వెప్పుడూ ఇంతే. నీకేం కావాలో కొండ కూడా అదే చేస్తుందనుకుంటావు."

"నీకేమో ఎదుటివాడికి ఏం కావాలో అదే కనిపిస్తుంది. గాలి ఎప్పుడు కనిపించింది నీకు?"

అతని మొహం ఎర్రబడింది. అతను మ్యాపు తెర మీదికి లాగి, ఎత్తైన పొరల్లో గాలి ఎందుకు తిరగదో గబగబా చెప్పుకుపోయాడు. నేను మధ్యలోనే అడ్డం పడ్డాను. అతను నా మాటకు అడ్డం పడ్డాడు. నిజం రాయాలంటే, నాకు భయం వేయలేదు. చాలా కాలానికి ఎవరో నాతో మాట్లాడుతున్నట్టుంది.

హౌ సర్ గొంతు సవరించుకున్నాడు. ఇద్దరిదీ వదిలేసి, పరిస్థితి అనిశ్చితం, పదమూడు ప్రాంతంలో ఉండవచ్చు అని రాద్దామన్నాడు. వాతావరణం తేలిక పడాలని కాబోలు నవ్వుతూ అన్నాడు.

"మొగుడూ పెళ్లాల తగువు మాకెందుకమ్మా. ఇంటికి పోయాక తేల్చుకోండి."

అందరూ నవ్వారు. బోవెన్ కూడా నవ్వబోయాడు. పదమూడు. మళ్లీ ఎవరిదీ కాని అంకె. దాని కింద రేపు ఇంకెవడో దిగుతాడు, లేదా ఎవరూ దిగకుండా పోతారు. రెంటి మీదా మా పేరు ఉండదు.

"ఇల్లు లేదు సర్" అన్నాను. "పోయిన వేసవిలోనే మాకు విడాకులయ్యాయి. ఆ రోజు మేం మర్యాదకు పోయి పదిహేను అన్నాం. నేననుకున్నది పద్దెనిమిది. ఆయన అనుకున్నది పన్నెండు. పదిహేను ఎవరూ అనుకోలేదు. ఇవాళ నాది తొమ్మిది. మధ్యలోకి రాను."

ఎవరి గదిలోనో ప్రింటర్ నడుస్తున్న చప్పుడు వినిపించింది. హౌ సర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నేను బోవెన్ వైపు చూడలేదు. అతను ఏమీ అనడనుకున్నాను.

"ఆమె చెప్పింది నిజం. పదిహేను నాది కాదు" అన్నాడు. "ఇవాళ నాది పదిహేడు. నేనూ మధ్యలోకి రాను" అన్నాడు.

హౌ సర్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి కొండ మాటే పంపమన్నాడు. కేంద్రానిది పదిహేడని పక్కన రాసి పెట్టమన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ముసలితనం ఉంది.

తెర ఆరిపోయాక చూస్తే బియన్ అన్న నా వెనక అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో. రేపు చీకటితోనే పైకెక్కి స్తంభం శుభ్రం చేసి అక్కడే ఉంటానని మాత్రం చెప్పాడు.

ఫిబ్రవరి 10

పందెం రోజు కాబట్టి సమావేశం లేదు. పొద్దున్నే శిఖరం మీద ఒకటే హోరు. పందెం నడిపే స్విస్ ఆయన నా పక్కన నిలబడి చేతులు కట్టుకున్నాడు. దుబాసీ ద్వారా ఒక్కటే అడిగాడు, ఇప్పటికీ అదే మాటా అని. అదే మాట అన్నాను. జీనులో జెండా కర్రకు అడ్డంగా నిలబడి కొట్టుకుంటోంది. పదహారు. పదిహేను. మళ్లీ పదహారు. అంతా కలిసి నా వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు.

తర్వాత జెండా వాలిపోయింది. నెమ్మదిగా కాదు, చెయ్యి వదిలేసినట్టు. పైనుంచి రేడియోలో బియన్ అన్న గొంతు వచ్చింది.

"పడుకుంది చెల్లెమ్మా. నిద్రపోయింది."

తొమ్మిది. ఒకసారి ఎనిమిది. ఆటగాళ్లందరూ దిగారు. ఎవరు గెలిచారో నేను చూడలేదు, నాకు జెండా తప్ప ఏమీ కనిపించలేదు. చివరివాడు దిగిన కాసేపటికి గాలి మళ్లీ లేచి కంచె మీది గుడ్డలు చింపింది. స్విస్ ఆయన నా భుజం మీద చెయ్యి వేయబోయి, దూరం పాటించాలని గుర్తొచ్చి, వంగి నమస్కారంలాంటిది ఒకటి పెట్టాడు.

సాయంత్రం బోవెన్ దగ్గరినుంచి సందేశం. "తొమ్మిది. చూశాను." అంతే. చాలాసార్లు చదివాను. జవాబు రాసి చెరిపేశాను. నువ్వు చెప్పింది కూడా తప్పు కాదు, ఇంకో అరగంట ఆలస్యమైతే నీదే నిజమయ్యేది అని రాశాను. అదీ చెరిపేశాను. రేపు సమావేశంలో ఎలాగూ చెబుతాను.

ఎల్లుండికి మంచు సూచన ఉంది. నేను మూడు సెంటీమీటర్లు అంటాను. అతను ఖాయంగా ఎనిమిది అంటాడు, అతనికి మేఘాలంటే మొదటినుంచీ గురి ఎక్కువ. ఊరుకోను. మ్యాపులు రెండు తీసి పెట్టుకున్నాను. పోట్లాడుతున్నప్పుడు అతని మొహం పదకొండేళ్లలో ఎన్నడూ లేనంత దగ్గరగా ఉంది. అప్పుడే ఇలా ఒక్కసారి పోట్లాడుకుని ఉంటే ఏమయ్యేదో. తలంటుకున్నాను. రేపటి సమావేశానికని కాదు. ఎలాగూ వారమైంది.

ఫిబ్రవరి 11

కేంద్రం గడిలో వేరే మనిషి ఉన్నాడు.

నేనింకా మొహాలు వెతుక్కుంటూ ఉండగానే హౌ సర్ మెత్తగా చెప్పాడు. ఖాంగ్ ఇంజనీర్ తనంతట తాను అడిగి వేరే మైదానానికి మారాడని, ఇద్దరికీ ఇదే మంచిదని అన్నాడట. మీకు పర్వాలేదు కదా అని హౌ సర్ నన్నూ అడిగాడు. పర్వాలేదన్నాను.

కొత్తతని పేరు ఫెయ్. మర్యాదస్తుడు. నిన్నటి తొమ్మిది గురించి ఏదేదో పొగిడాడు. రేపు మంచు మూడు సెంటీమీటర్లు అన్నాను. మూడే అన్నాడు. ఎందుకు మూడు అని అడగలేదు. రేపు జీనులో గాలి ఏడు ఉంటుందని నాకు తెలుసు. నోరు ఊరుకోక ఇరవై అన్నాను. ఇరవై వచ్చే సూచన ఎక్కడా లేదు, ఏ మ్యాపులోనూ లేదు.

"మీరంటే ఇంకేముంది మియావ్ గారూ, ఇరవై" అన్నాడు ఫెయ్.

పొరపాటున అన్నానని, ఏడని వెంటనే సరిదిద్దాను. దానికీ తల ఊపాడు. సమావేశం ఇంత తొందరగా ఎప్పుడూ ముగియలేదు. ఇలా ఉండాలి, ఇలా ఒక్క మాట మీద ఉండాలి అని హౌ సర్ మెచ్చుకున్నాడు.

ఈ కొండ మీద మూడు శీతాకాలాలున్నాను, ఇంత ఒంటరిగా ఏనాడూ లేను. తెర ఆరిపోయాక మ్యాపులు రెండూ బల్ల మీద పరిచాను. మూడు అన్నాను. ఎనిమిది అంది అతని గొంతు. నీకు మేఘాల పిచ్చి అన్నాను. నీకు కొండ పిచ్చి అన్నాడు. ఎత్తైన పొరల్లో తేమ చూడు, తడి గుడ్డలా ఉంది అన్నాడు. అతని వాదన నేనే వెతికి తీశాను, నిజానికి అందులో బలం ఉంది. నా వాదనా నేనే చెప్పాను. ఇద్దరి మాటలూ నావే అయ్యేసరికి కాసేపటికి గొంతు రాసుకుపోయింది. చివరికి అతన్నే గెలవనిచ్చి, మ్యాపులు మడిచి, బియన్ అన్న పైనుంచి వచ్చేలోగా ఏడ్చేశాను.